మూల కత్తిరించిన కార్డు

పోయిన వారం నన్ను నేనే గోపాల్‌పేటలో శైలజ వాళ్ళ వాకిట్లో నిలబెట్టి వదిలేశాను. అక్కడికి ఎందుకు వచ్చానో మరిచిపోయినవాళ్ళ కోసం, ఇవాళే పత్రిక చేతిలోకి తీసుకున్నవాళ్ళ కోసం నాలుగు ముక్కల్లో చెప్తాను. తెలిసినవాళ్ళు విసుక్కోకండి.

మా నాయన సాయన్న వనపర్తిలో డ్రాయింగ్ మాస్టరు. పిల్లల చేత కుండ, మామిడికాయ గీయించి జీతం తీసుకున్న మనిషి. డ్యాము నీళ్ళు వెనక్కి తన్ని కృష్ణ ఒడ్డు ఊళ్ళను మింగడానికి వస్తున్న రోజుల్లో ఆయన బుర్రలో ఒక ఆలోచన పుట్టింది. మనిషి పోతే కార్డు రాస్తాం కదా, ఊరు పోతుంటే ఎందుకు రాయం అని. మునగబోయే ఒక్కో ఊరి పేరున చావు కార్డు అచ్చు వేయించాడు. చావు కబురుకు చేసినట్టే మూల కత్తిరించాడు. ఆ ఊళ్ళ నుంచి పనికోసం దేశాలు పట్టిపోయిన వాళ్ళకు పోస్టు చేశాడు. బొమ్మ లేదు, రంగు లేదు. అచ్చు వేయడం, కత్తిరించడం, డబ్బాలో వేయడం, ఇదే ఆయన వేసిన బొమ్మ.

ఆ కాలంలో ప్రపంచమంతటా కొందరు కళాకారులు ఇదే పనిలో ఉన్నారు. గోడకు తగిలించే పటం మీద మొహం మొత్తి, ఆలోచన ఉంటే చాలు అదే కళ అంటూ, దాన్ని కరపత్రంగానో కార్డుగానో జేబులో పట్టే పుస్తకంగానో అచ్చు వేసి పంచిపెట్టారు. నేను ఉద్యోగం వచ్చినప్పటి నుంచీ ఏరుకుంటున్నవి అవే. గద్వాలలో మా ఇంట్లో మంచం కింద, బీరువా మీద, వంటింటి అటక మీద అట్టపెట్టెలే. మా ఆయన బాలకృష్ణ వచ్చినవాళ్ళందరికీ "మా ఆవిడ చిత్తుకాగితాలకు ఇల్లు కట్టిచ్చింది, మేం కిరాయికి ఉంటున్నం" అని చెప్తాడు. చెప్పుకోనీ.

నాయన స్నేహితుడు నిరంజన్. పెద్ద ఊళ్ళో బొమ్మల చదువు చదివొచ్చి, అలాంటి కళ గురించిన పత్రికలు నాయనకు చూపించింది అతనే. ఒప్పుకుంటాను. కానీ వచ్చే నెల హైదరాబాదులో పెట్టబోతున్న పెద్ద ప్రదర్శనలో "ఊరి చావు కార్డులు - నిరంజన్" అని రాయబోతున్నారు. నాయన పోయాడు కనుక, పోయినవాడి నోట్లో నాలుక ఉండదు కనుక. నేను గొంతు చించుకుంటే, ప్రదర్శన పెట్టే వనజ అనే అమ్మాయి ఎంతో మర్యాదగా, "ఒక్క కార్డు చూపించండి మేడం, సోమవారం పుస్తకం ప్రెస్సుకి వెళ్ళిపోతుంది" అన్నది.

ఒక్క కార్డు! ఎక్కడ తేను? మన దగ్గర చావు కార్డును ఎవరైనా ఇంట్లో పెట్టుకుంటారా? గడప బయటే చదివి, అక్కడే చింపి పారేసి, కాళ్ళు కడుక్కుని లోపలికి వస్తారు. నాయన పంపిన కార్డులు అందుకున్న ప్రతి ఒక్కళ్ళూ అదే చేశారు. అచ్చం చావు కార్డులాగా చేయాలని ఆయన పడిన తపనంతా ఫలించి, ఆయన కళ మొత్తం చింపుళ్ళయింది. ఇంట్లో మిగిలిన కట్టనైతే మా అమ్మ జోగులమ్మ నీళ్ళ పొయ్యిలో పెట్టింది. "పీనుగు కాయితాలు నా ఇంట్ల ఉండొద్దు" అని. ఆ నీళ్ళతో నాకే తలంటు పోసిందట.

అలాంటప్పుడు, గోపాల్‌పేట అంగన్‌వాడీ టీచరు శైలజ వాళ్ళ అమ్మ దగ్గర ఒక కార్డు ఉన్నదని తెలిసింది. ఎగిరి గంతేసి కారు తీశాను.

ఇక ఇవాళ్టి సంగతి.

శైలజ నన్ను ఇంట్లోకి రమ్మనలేదు. వాకిట్లోనే ప్లాస్టిక్ కుర్చీ వేసింది. నలభై దాటిన మనిషి, గట్టి ముఖం, మాటలు కొలిచి వేస్తుంది. వాళ్ళమ్మ సత్తెమ్మ ఎదురుగా బండ మీద కూర్చుని పల్లీకాయలు వలుస్తున్నది. నన్ను చూసి తల ఊపిందే కానీ చేయి ఆపలేదు.

"కార్డు యాడుంది?" అన్నాను. కూర్చున్నానో లేదో అదే మాట. నీళ్ళు తాగుతారా అని వాళ్ళు అడిగేదాకా కూడా ఆగలేదు.

శైలజ గోడకున్న కరెంటు మీటరు డబ్బా మూత తీసింది. లోపల నుంచి చీర కవరులో చుట్టిన పొట్లం తీసింది. "ఇంట్ల పెట్టరాదని మా అమ్మ అప్పుడు మేకల కొట్టం చూరుల పెట్టేది. ఇల్లు కట్టినంక ఈ డబ్బాల" అన్నది.

విప్పి నా చేతిలో పెట్టింది. రెండు చేతులతో పట్టుకున్నాను. పసుపు తిరిగిన పోస్టుకార్డు. కుడివైపు మూల కత్తెరతో తెగ్గోసి ఉన్నది. నల్ల సిరాతో అచ్చు:

"మా ఊరు ఏటిగడ్డపల్లి, కృష్ణ ఒడ్డున పుట్టి, ఎన్నో తరాలు మమ్ములను సాకి, ప్రాజెక్టు నీళ్ళలో ఊపిరి విడుచుచున్నదని తెలుపుటకు చింతిస్తున్నాము. కడచూపు చూడగోరువారు నీళ్ళకంటె ముందు రాగలరు."

కింద పేరు లేదు. వెనక్కి తిప్పాను. చిరునామా చేత్తో రాసింది. ఆ రాత చూడగానే నా ప్రాణం లేచి వచ్చింది. నా స్కూలు పుస్తకాల అట్టల మీద నా పేరు రాసిపెట్టిన చెయ్యి అది. అక్షరాలన్నీ వెనక్కి వాలి, గాలికి ఒరిగిన జొన్నచేను మాదిరి ఉండే రాత.

"మా నాయన రాతే!" అని అరిచాను. "ఇది మా నాయన రాత! నిరంజన్ది కాదు. ఆయన అబద్ధం చెప్తున్నడని నేను ముందు నుంచి మొత్తుకుంటనే ఉన్న!"

సత్తెమ్మ చేయి ఆగింది. తల్లీ కూతురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"పక్కానా, బిడ్డా?" అన్నది సత్తెమ్మ.

"పక్కా అమ్మా. నా రెండు కండ్ల మీద ఒట్టు. ఏ కోర్టులనైన చెప్త."

"ఇగ దొరికిండు" అన్నది సత్తెమ్మ కూతురితో. ఒళ్ళోని పొట్టు దులుపుకుని లేచి నిలబడ్డది.

నాకు ఆ మాట అర్థం కాలేదు. ఇన్నాళ్ళూ వీళ్ళు కూడా మా నాయన గొప్పతనాన్ని వెతుకుతున్నారని అనుకున్నాను. అంత పిచ్చిదాన్ని.

"ఏందమ్మా దొరికింది?"

"మీకంటె ముందుగాల ఒకాయన వచ్చిండు మేడం" అన్నది శైలజ. "తెల్లగడ్డమాయన, నిరంజనట. కార్డు కొంటనన్నడు. ఎవరు జేసిండ్రు సారూ ఇది అంటే, 'నేనే, నా పనే' అని ఛాతీ ఇరిసిండు. మా అమ్మ తన కథ జెప్పంగనే ముఖం మాడ్చుకుని, 'అయ్యో, నేను గాదమ్మా, సాయన్న అని ఒక మాస్టరు చేసిండు, నాకు సంబంధం లేదు' అనుకుంట కారెక్కిండు. ఎవరిని నమ్మాలె? ఇప్పుడు మీ నోటితోనే వచ్చింది."

చూశారా? హైదరాబాదులో ఎంత మొత్తుకున్నా రాని మాట, ఈ వాకిట్లో ఎవరూ అడక్కుండానే కక్కేసి పోయాడు. సంతోషపడాలి నేను. కానీ కథ వినగానే కారెక్కి పారిపోయాడంటే?

"ఏం కథ?" అన్నాను.

సత్తెమ్మ నా ఎదురుగా, నేల మీద కూర్చున్నది. కుర్చీలో ఉన్న నేను దిగబోతే, "కూసో కూసో" అని చేత్తో ఆపింది. కోపంగా లేదు గొంతు. కోపంగా ఉన్నా బాగుండేది.

"ఏటిగడ్డపల్లి మాది. నా పెనిమిటి దేవరాజు. నీళ్ళొస్తయి ఖాళీ జేయుండ్రి అంటే, నేను రాను, నీళ్ళే రానీ అని మొండికేసిండు. తినాలె గదా మరి. నేను మా ఊరోళ్ళ గుంపుతోని షోలాపూర్ అవతల కాలువ పనికి పోయిన. మట్టి మోసేది. మా గుంపుకు సామ్యూల్ మేస్త్రి. ఒకనాడు తట్ట దించి నీళ్ళు తాగుతున్న. పోస్టాయన వచ్చి సామ్యూల్‌ చేతిల కార్డు పెట్టిండు. నా పేరు మీద వచ్చింది. మూల కత్తిరించి ఉంది. నేను దూరం నుంచే జూసిన. ఇగ అడిగేదేముంది? నా వాళ్ళంటూ ఊర్ల ఉన్నది ఒక్క మనిషి. సామ్యూల్ కార్డు దిక్కు జూసిండు, నా దిక్కు జూసిండు, తల వంచిండు. గంతే. కాలువ గట్టు మీద బొర్లి బొర్లి ఏడ్సిన. కార్డు చింపుతమంటే ఇయ్యలే, ఆయన ఆఖరు గురుతని కొంగుల కట్టుకున్న."

ఆమె ఊపిరి పీల్చుకుంది.

"ఆడోళ్ళంత వచ్చి ఆడనే గాజులు పలగ్గొట్టిండ్రు. బొట్టు తుడిచిండ్రు. మట్టెలు తీసిండ్రు. పచ్చి బాలింత మాదిరి పడి ఉన్న ఎన్నో రోజులు. ఊరికి పోదామంటే ఎవరున్నరు? మనిషి పాయె, ఊరు నీళ్ళల్ల పాయె. సామ్యూలే అన్నం దెచ్చిపెట్టేది. మంచోడు. ఏడాది తిరిగినంక మందంత కూడి, ఒంటి ఆడది గుంపుల ఎట్లుంటదని, ఆయనకే మారుమనువు జేసిండ్రు. ఇది పుట్టింది" అని శైలజ వైపు గడ్డం చూపించింది.

"మల్ల రెండేండ్లకు వచ్చిన. వీపనగండ్ల దిక్కు మా ఊరోళ్ళకు కాలనీ ఇచ్చిండ్రంటే, ఒకపారి జూసొద్దమని, దీన్ని సంకనెత్తుకొని. కాలనీల మొదటి ఇల్లు. అరుగు మీద కూసోని తాడు పేనుతున్నడు దేవరాజు."

"అయ్యో" అన్నాను.

"దయ్యమనుకున్న. పిల్లను కింద పడేసినంత పని జేసిన. ఆయన నన్ను జూసిండు, సంకల పిల్లను జూసిండు. 'ఎవరే నువ్వు?' అన్నడు. కార్డు వచ్చింది, నువ్వు చచ్చినవనే కార్డు వచ్చింది అని నెత్తి కొట్టుకున్న. 'చచ్చినోడు కార్డెట్ల రాస్తడే?' అన్నడు. అందరు నవ్విండ్రు బిడ్డా. మంది నవ్విండ్రు."

ఆ తర్వాత ఆమె మళ్ళీ ఆ కాలనీ గడప తొక్కలేదు. ఆమె పేరు "లేచిపోయిన సత్తెమ్మ" అయింది. ఇక దేవరాజు? పెళ్ళాం లేచిపోయినా మరో పెళ్ళి చేసుకోని మహానుభావుడని చుట్టుపక్కల ఊళ్ళన్నీ చెప్పుకున్నాయి. పంచాయితీలకు పెద్దమనిషి అయ్యాడు. మొగుడూ పెళ్ళాల తగవొస్తే ఆయనే తీర్పు చెప్పేవాడట. వినండి, ఎంత చక్కగా ఉందో.

నేను అనకూడని మాట అన్నాను. నాయన మీద ప్రేమ అట్లాంటిది. "ఊరు చచ్చిపోతున్నదనే గదమ్మా అండ్ల రాసి ఉంది. మనిషి చచ్చిండని యాడ రాసిండు?"

శైలజ నవ్వింది. ఆ నవ్వు నాకు జన్మలో మరుపు రాదు. "మూల కత్తిరించినంక చదువుకునేదేముంటది మేడం? మీరు చెప్పుండ్రి. మీ ఇంటికొస్తే మీ అమ్మ చదువుతుండెనా?"

మా అమ్మ చదవలేదు. కట్టకు కట్ట పొయ్యిలో పెట్టింది.

"అండ్ల ఏం రాసి ఉందో నేను బడికి పోయి చదువు నేర్చినంక మా అమ్మకు చదివి చెప్పిన" అన్నది శైలజ. "అప్పటిదాంక ఆమెకు తెల్వదు. విన్నంక రెండు రోజులు అన్నం తినలే. 'ఊరి కోసమా నా గాజులు పలగ్గొట్టింది' అని ఒక్కటే ఏడుపు. ఇది చింపేద్దమే అంటే, చింపనియ్యలే. నిజం చావైతే చింపుతరు, అబద్ధం చావును ఎందుకు చింపాలె అన్నది."

వాకిట్లో ఎండ ముఖం మీదికి వస్తున్నది. నేను కుర్చీ జరుపుకోలేదు. ఏళ్ళ తరబడి నేను ఎంతమందితో ఏమేం చెప్పాను! ఆ కార్డులు చూడటానికి కావు, తగలటానికి అన్నాను. చదివినవాడి జీవితంలోకి చొరబడే కళ అన్నాను. కాలేజీలో ఉపన్యాసం ఇస్తే పిల్లలు చప్పట్లు కొట్టారు. చొరబడింది, నిజమే. నాయనా, నీ కళ షోలాపూర్ దాకా నడిచిపోయి ఒక ఆడమనిషి చేతులు పట్టుకుని గాజులు పగలగొట్టింది. నీకు తెలియకుండానే పోయావు. ఆ తెలియడం నాకు వదిలిపెట్టావు.

"నీకు ఈ కార్డు కావాలె. గంతేనా?" అన్నది సత్తెమ్మ.

"కావాలె" అన్నాను. అబద్ధమెందుకు, అంత విన్నాక కూడా కావాలనే ఉంది. ఇంకా ఎక్కువ కావాలనిపించింది, అదీ చెప్తున్నాను.

"తీస్కపో. పైసలు వద్దు. గోడకు పెట్టుకుంటవో, పుస్తకంల ఏస్తవో, మీ నాయన పేరు ఎంత పెద్దగ రాసుకుంటవో రాసుకో. ఒక్కటే మాట. నువ్వు నాతోని వీపనగండ్ల కాలనీకి రావాలె. దేవరాజు ఉన్నడు, మంచం పట్టిండు. ఆయన ముంగట నిలబడి, మా నాయన అబద్ధం చావు రాసి పంపిండు, నీ పెండ్లాం తప్పు లేదు అని చెప్పాలె. మందిల చెప్పాలె. ఆయన పోకముందే చెప్పాలె."

"రాయలేదు అబద్ధం" అని నా నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను.

"మా అమ్మకు ఇంక ఏం వద్దు మేడం" అన్నది శైలజ. "నా పెండ్లప్పుడు గూడ ఆ కాలనోళ్ళు అడ్డం పడ్డరు, లేచిపోయినదాని బిడ్డ అని. మా నాయన సామ్యూల్ లేకుంటే మేం యాడ ఉంటుంటిమో. దేవుడసొంటోడు. ఈ కార్డు గోడ మీద పెట్టుండ్రి, అందరికి చూపియ్యుండ్రి. నేనే వచ్చి పక్కన నిలబడి జెప్త."

"నడువుండ్రి" అన్నాను. కార్డు నా బ్యాగులో పెట్టుకున్నాను.

వనపర్తి దాటి వెళ్తుంటే వనజ ఫోను చేసింది. "మేడం, కార్డు దొరికిందా?" దొరికిందన్నాను. "వావ్! దాని వెనక కథేమైనా ఉందా? కథ ఉంటే పుస్తకంలో బాగుంటుంది" అన్నది. ఉందమ్మా, కథ వెనక సీట్లో కూర్చుని వాంతి రాకుండా చింతపండు చప్పరిస్తున్నది అందామనుకున్నాను. తర్వాత చేస్తానని పెట్టేశాను. సత్తెమ్మ కాటన్ చీర కొంగు తల మీదుగా కప్పుకుని, అద్దంలోంచి రోడ్డు వైపే చూస్తున్నది. పెళ్ళిచూపులకు పోతున్నట్టు దువ్వుకుని, కొబ్బరినూనె రాసుకుని వచ్చింది. అది చూసి నాకు ఏడుపు వచ్చింది.

కాలనీ మనం అనుకునే కాలనీ కాదు. వరసగా ఇళ్ళు, సగం బీటలు వారినవి, సగం కొత్తగా స్లాబు పడినవి. దేవరాజు ఇంటి ముందు నులక మంచం, దాని మీద ఆయన. ఎముకల గూడు, కానీ కళ్ళు చురుగ్గా ఉన్నాయి. తమ్ముడి కోడలు విజయమ్మ గ్లాసుతో జావ పట్టిస్తున్నది. మేం కారు దిగగానే పక్కిళ్ళవాళ్ళు ఒక్కొక్కరే బయటికి వచ్చారు. సత్తెమ్మను గుర్తుపట్టిన ముసలమ్మ ఒకామె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

సత్తెమ్మ మంచానికి నాలుగడుగుల దూరంలో ఆగిపోయింది. "చెప్పు బిడ్డా" అన్నది.

బ్యాగులోంచి కార్డు తీసి పట్టుకుని నేను చెప్పాను. గొంతు పెంచే చెప్పాను, పక్కిళ్ళకు వినపడేలాగే. "దేవరాజు తాతా, నేను వనపర్తి డ్రాయింగ్ మాస్టరు సాయన్న బిడ్డను. మా నాయన..." అని ఆగాను. ఆ తర్వాతి మాట నోట్లోంచి రావడానికి మొరాయించింది. బలవంతంగా తోశాను. "మా నాయన చావు కార్డు అచ్చేసి, మూల కత్తిరించి, ఈమెకు పంపిండు. ఊరు చచ్చిందని అండ్ల ఉంది. ఈమెకు నువ్వే చచ్చినవని తోచింది. అది అబద్ధం చావు. తప్పు మా నాయనది. నీ పెండ్లాం లేచిపోలే."

నా నోటితో నేనే అన్నాను. నిరంజన్ మా నాయన పేరు దొంగిలించాడు, అంతే. నేను ఆ పేరు తిరిగి తెచ్చి ఇక్కడ నలుగురి ముందు తన్నాను.

దేవరాజు జావ గ్లాసు పక్కకు నెట్టాడు. నా చేతిలో కార్డు వైపు చూశాడు. "ఉన్నదా అది ఇంకా?" అన్నాడు.

"అంటే?" అన్నాను.

"సారు నాకు ఎర్కనే. ఊర్లకు వచ్చి ఇంటింటికి తిరుగుతుండె. ఎవరెవరు ఏ పనికాడ ఉన్నరు, పేర్లు చెప్పుండ్రి అంటుండె. దీని జాడ చెప్పింది నేనే. రాయి సారూ, గట్లయిన వస్తదేమో అన్న. మొండికేసి కూసున్న గని, ఒక్కన్నే ఉండలేకపోయిన."

సత్తెమ్మ రెండడుగులు ముందుకు వేసింది. "నీకు ఎర్కనా? నేను వచ్చి నెత్తి కొట్టుకున్ననాడు నీకు ఎర్కనా?"

"ఎర్కనే."

"మరి నవ్వితివి గద! చచ్చినోడు కార్డెట్ల రాస్తడే అని అందర్ల నవ్వితివి గద!"

"ఏం జేద్దు మరి?" అని ముసలాయన అటు తిరిగాడు. "నా చావు నేనే పంపిచ్చుకున్న అని చెప్పుకోవాల్నా? మంది నన్ను జూసి నవ్వుతుండిరి. అంతకంటె నిన్ను జూసి నవ్వితే నయమనిపిచ్చింది."

ఛీ! నాకు వచ్చిన మాట అదొక్కటే, గట్టిగానే అన్నాను. గుమిగూడిన వాళ్ళలో ఎవరూ కదల్లేదు. పంచాయితీ పెద్దమనిషి, తీర్పులు చెప్పిన నోరు. ఆ నోట్లో ఇంత కాలం ఇది దాచుకుని తిన్నాడు, పడుకున్నాడు, మర్యాదలు అందుకున్నాడు.

"చెప్పినవ్ గద" అన్నది సత్తెమ్మ మెల్లగా. "మంది విన్నరు. చాలు. ఇగ నీ చావు నువ్వు చావు." ఆమె కళ్ళలో నీళ్ళు లేవు. వెనక్కి తిరిగింది. ఎప్పుడో రావలసిన మాట వచ్చింది, ఆమె దాన్ని తీసుకుని పోబోతున్నది. కథ ఇక్కడ ఆగి ఉంటే ఎంత బాగుండేది!

దేవరాజు ఆగలేదు. తప్పు ఒప్పుకున్నవాడికి తోడు కావాలేమో. మోచేతి మీద లేచి, వెనక నుంచి కేకేశాడు. "ఒక్కని మీదనే ఏస్తరేందే అందరు? నీకు చదువు రాదని నాకు తెల్వదా? చదివి చెప్పెటోడు ఉన్నడనే పంపిచ్చిన! సామ్యూల్ ఉన్నడు గద మీ గుంపుల. ఆదివారం ఆదివారం అందర్ని కూసోవెట్టుకొని బైబిల్ చదువుతుండె. ఊరు చచ్చిందని రాసి ఉంటే, నేను చచ్చిన్నని నీకెట్ల తోసింది? ఆయన చదవలేదా?"

ఎవరో పైనుంచి తాడు తెంపినట్టు సత్తెమ్మ అక్కడే కూలబడ్డది.

నేను శైలజ వైపు చూశాను. చూడకుండా ఉండాల్సింది. "తల వంచిండు" అన్న మాట మాలో ఎవరికీ పట్టలేదు. ఆమె పెదవులు కదులుతున్నాయి, శబ్దం లేదు. నిద్రపోయే ముందు తండ్రి బైబిల్ వాక్యం చదివి వినిపించకుండా ఒక్క రాత్రి కూడా గడవలేదని దారిలో తనే చెప్పింది. బడికి ముందే ఆమె చేత అక్షరాలు దిద్దించింది కూడా ఆయనేనని ఆమె ముఖమే చెప్పింది.

"అమ్మా" అన్నది శైలజ. "నాయన చదివిండా అమ్మా? చదివే తల వంచిండా?"

సత్తెమ్మ మట్టిలోకి చూస్తూ కూర్చున్నది. అన్నం తెచ్చిపెట్టిన మంచోడు. దేవుడసొంటోడు.

శైలజ నా దగ్గరికి వచ్చింది. గోడ మీద పెట్టుండ్రి, నేనే వచ్చి నిలబడి జెప్త అన్న మనిషి, చేయి చాపింది. "కార్డు ఇటియ్యుండ్రి మేడం."

"అమ్మ నాకు ఇచ్చింది గద" అన్నాను.

"ఇచ్చినప్పుడు అది మీ నాయన తప్పు. ఇప్పుడు మా నాయన తప్పు. ఆయన సమాధి మీద నేను పూలు పెట్టాలె ఇంకా. అది యాడికీ రాదు. ఇటియ్యుండ్రి."

ఆమె కార్డు ఒక అంచు పట్టుకుంది. ఇంకో అంచు నా చేతిలో ఉన్నది. సోమవారం పుస్తకం ప్రెస్సుకు పోతుంది. ప్రపంచంలో మా నాయన మిగిల్చింది ఈ ఒక్క ముక్క. ఈమెకు వాళ్ళ నాయన మిగలాలంటే ఇది ఉండకూడదు. వదలాలి, వదలాల్సింది నేనే అని మనసుకు తెలుస్తూనే ఉన్నది.

నేను వదల్లేదు. ఆమె గుంజింది.